సప్పుడు చెప్పు బిడ్డా

పొద్దున్నే బాల్కనీలో కరివేపాకు మొక్కకు నీళ్ళు పోస్తుంటే, కింద సందులో ఎవరిదో బండి మొరాయిస్తోంది. తెల్లవారాక ఆగిన వానకు గాలి ఇంకా చెమ్మగానే ఉంది. నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి ఎప్పుడూ వచ్చే మందుల వాసన తడిమట్టి వాసనలో కలిసి, అదేదో పాత కలలోంచి వస్తున్నట్టు మెల్లగా పైకి వస్తోంది. కింద తాళం తిప్పుతున్నారు, ఆపుతున్నారు, కాసేపాగి మళ్ళీ తిప్పుతున్నారు. ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. నా కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. బరువుగా, బరువుగా, బరువుగా, తేలిగ్గా. మళ్ళీ బరువుగా, బరువుగా, బరువుగా, తేలిగ్గా. కుండీ నిండి, నీళ్ళు పొంగి, కింది వాళ్ళ బట్టల మీద పడి, "ఆంటీ, నీళ్ళు!" అని ఎవరో అరిచేదాకా అలాగే నిలబడిపోయాను.

ఆ బండి ఎవరిదో నాకు తెలియదు. దాని చప్పుడును అలా విడివిడిగా వినడం నేర్పిన మనిషి మాత్రం తెలుసు. ఆయన పేరు సత్తయ్య. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో, ఒక పెద్ద కానుగ చెట్టు పక్కన, రేకుల కింద ఆయన షెడ్డు ఉండేది. డీజిల్ బండ్లు బాగుచేసేవాడు. ఇప్పుడు ఆ షెడ్డూ లేదు, ఆయనా లేడు. ఆయనను చూడని వాళ్ళకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉండేవాడు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. మాట కరుకు. నచ్చని బండిని చూస్తే ముందు దాని యజమానిని తిట్టేవాడు. కానీ ఇంజన్ ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఆయన ముఖం మారిపోయేది. గుళ్ళో హారతి ఇచ్చే వేళ కొందరి ముఖాలు ఉంటాయే, అలా.

మేం తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన ప్రసాద్‌కు మొక్కలంటే ప్రాణం. ఉప్పల్‌లో కొంత జాగా అద్దెకు తీసుకుని నర్సరీ పెట్టారు. కొత్తగా లేస్తున్న కాలనీలకు, చెంగిచెర్ల, బోడుప్పల్, కాప్రా దాకా, మందారాలు, నందివర్ధనాలు, కుండీలు, ఎర్రమట్టి తోలడానికి ఒక పాత పికప్ కొన్నారు. ఎంత పాతదంటే, దాని మీటరు ఒక చుట్టు పూర్తిగా తిరిగి, మళ్ళీ సున్నా నుంచి మొదలై, మధ్యలో ఎక్కడో అలిసి ఆగిపోయింది. అది ఎన్ని ఊళ్ళు చూసిందో, ఎవరి పెళ్ళి సామాను, ఎవరి ఇంటి ఇటుకలు మోసిందో మాకు తెలియదు. మెట్రో స్తంభాల నీడలో మొక్కలతో నిండుగా వెళ్తుంటే, వెనక కూర్చున్న నాకు రోడ్డే కదులుతున్నట్టు, తోట ఒక్కచోటే ఉన్నట్టు అనిపించేది. ఆకుల మధ్య నుంచి ఉప్పల్ అంతా పచ్చగా కనిపించేది.

ఆ బండి కోసమే మొదటిసారి సత్తయ్య దగ్గరికి వెళ్ళాం. మా ఆయన ఏదో చెప్పబోతుంటే చేత్తోనే ఆగమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వీధిలో లారీలు పోతున్నాయి, పక్కన ఎవరో రేకులు కొడుతున్నారు. ఆయనకు అవేవీ లేవు. చివరికి కళ్ళు తెరిచి, "మంచిదే. ముసలిదైంది గని మంచిదే. జర నెత్తిన పెట్టుకోని సూస్కోన్రి" అన్నాడు. నేను "బాబాయ్ గారూ, ఇంకెన్నాళ్ళు నడుస్తుందంటారు?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"బాబాయ్ గారు ఏంది? నన్నేనా? ఈడ కాకా అంటరు."

"సరే, కాకా గారూ."

"మల్ల గారు! కాకా అన్నంక గారు, మీరు, గవన్ని ఎందుకు బిడ్డా? నువ్వు అను."

అప్పటి నుంచి ఆయన నాకు కాకా అయ్యాడు. మా యాసను చూసి నవ్వేవాడు, ఆయన యాసను నేను ఇంటికొచ్చి అనుకరించి మా ఆయనను నవ్వించేదాన్ని. ఆయన భార్య రాములమ్మ మధ్యాహ్నం అన్నం తీసుకొచ్చేది. షెడ్డు చుట్టూ ఖాళీ ఉందని మా ఆయన రెండు కాగితప్పూల మొక్కలు తెచ్చి నాటితే, "బండ్ల కాడ పూలేంది సార్" అని కసురుకున్నాడు కానీ, రోజూ వాటికి నీళ్ళు పోసింది ఆయనేనట. రాములమ్మ చెప్పింది.

తర్వాత ఒక ఎండాకాలం మా ఆయనకు పక్షవాతం వచ్చింది. నర్సరీలో కుండీలు సర్దుతూ అక్కడే కూలిపోయారు. దవాఖానా నుంచి ఇంటికి వచ్చేటప్పటికి కాలు కొంచెం కుదుటపడింది, కుడిచెయ్యి సగం పనిచేసింది, మాట మాత్రం పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు. లోపల అన్నీ ఉన్నాయి, నోటి దాకా వచ్చేసరికి ముక్కలైపోయేవి. ఒకటి అనబోతే ఇంకోటి వచ్చేది. కొన్ని మాటలే పదేపదే వచ్చేవి. మెల్లగా వస్తుంది, తొందరపెట్టకండి అని డాక్టర్లు చెప్పారు. మాకేమో తొందర. ఆయన నోరు తెరిస్తే చాలు, నేనో, చూడ్డానికి వచ్చినవాళ్ళో మిగతాది పూర్తి చేసేసేవాళ్ళం. "మంచినీళ్ళా? ఫ్యానా? టీవీనా?" ఆయన ఏదో ఒకదానికి తల ఊపి కళ్ళు పక్కకు తిప్పుకునేవారు.

అదివరకు సరదాగా నర్సరీ ఆవరణలోనే ఆయన నాకు పికప్ నడపడం నేర్పారు. ఆ సరదాయే ఇప్పుడు అన్నం పెట్టాల్సి వచ్చింది. మొక్కలు ఆగవు, రోజూ నీళ్ళు అడుగుతాయి, పెరిగి కుండీలు చాలవంటాయి. నేనే బండి తీశాను. బండికీ ఏదో అయినట్టుంది. పొద్దున పూట ఎంతకీ స్టార్ట్ అయ్యేది కాదు. అయినా తెల్లటి పొగ కక్కేది, చెంగిచెర్ల వైపు చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆయాసపడేది. కాకా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని, "ఆఁ, కొట్టు" అన్నాడు. తాళం తిప్పాను. ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. ఆపాను. ఆయన అలాగే ఉన్నాడు. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే, "కొట్టు బిడ్డా, ఏం జూస్తున్నవ్?" అన్నాడు.

నేను బండి దిగి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "కొట్టాను కదా కాకా" అన్నాను. ఆయన నా పెదాల వంక చూశాడు. స్క్రూడ్రైవర్‌ను మెల్లగా కిందికి దించాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. దొరికిపోయిన మనిషి చూపు కాదు అది. చాలా దూరం ఒక్కడే నడిచి వచ్చి, ఇక కూర్చుందామా అనుకుంటున్న మనిషి చూపు. నలభై ఏళ్ళు ఇంజన్ల హోరులో గడిపిన చెవులు. కొన్నాళ్ళుగా ఒక్కొక్క చప్పుడే పోతూ వచ్చిందట. ముందు పిట్టలు పోయాయి. తర్వాత ఫోను. తర్వాత వెనక నుంచి పిలిస్తే పలకడం పోయింది. రాములమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "చెవులు లేని మిస్త్రీ కాడికి బండి ఎవడు తెస్తడు బిడ్డా?" అన్నాడు. చేత్తో పట్టి చూసి, పొగ చూసి, నూనె వాసన చూసి నెట్టుకొస్తున్నాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోవడం జనం చూడ్డానికే.

ఎవరికీ చెప్పనని నేను మాటిచ్చాను. ఆయన కాసేపు బండి చుట్టూ తిరిగి, స్టూలు లాక్కుని నన్ను ఇంజన్ పక్కన కూర్చోబెట్టాడు. తనే వెళ్ళి తాళం తిప్పాడు. ఆపి, తిరిగి వచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"సప్పుడు చెప్పు."

"ఇంజన్ పాడైపోయినట్టుంది కాకా. ఏదో లోపల అరిగిపోయిందనుకుంటా..."

"నీ తెలివి చెప్పకు బిడ్డా. సప్పుడు చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

మళ్ళీ తిప్పాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాను. మొదట ఒకటే గోలలా వినిపించింది. ఇంకోసారి తిప్పమన్నాను. ఆ గోలలో ఒక నడక ఉన్నట్టు తోచింది. కాలికి ముల్లు గుచ్చుకున్న మనిషి నడిచినట్టు. "మూడు దెబ్బలు బరువుగా పడుతున్నాయి, కాకా. నాలుగోది తేలిపోతోంది" అన్నాను. నేను చెప్పినంతసేపూ ఆయన కదల్లేదు. చెప్పడం అయిపోయాక కూడా, ఇంకేమైనా ఉందేమోనన్నట్టు, నా ముఖం వైపే చూస్తూ ఉన్నాడు. ఆ ఆగడంలోనే నాకు ఇంకోటి తట్టింది. "తేలిపోయేటప్పుడు సన్నగా, ఉఫ్‌మని ఊదినట్టు ఉంది." ఆయన తల పంకించాడు. "గది జెప్పు. నాలుగు సిలిండర్లల్ల ఒకదాన్ల దమ్ము నిలుస్తలేదు" అన్నాడు. కంప్రెషన్ అని తర్వాత మీటరు పెట్టి చూసేటప్పుడు అన్నాడు గానీ, ఆ రోజు మాత్రం దమ్ము అనే అన్నాడు. సిలిండర్ లోపల గాలిని గట్టిగా నొక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. ఎక్కడో సందు ఉండి గాలి జారిపోతే అంటుకోదు. ఆ రోజు నాకు అంతే అర్థమైంది.

ఇంట్లో వేరే కథ నడుస్తోంది. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, కాప్రాలో ఉంటారు. మంచి మనిషి. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రేమతోనే అన్నీ తనే నిర్ణయించేసేవారు. "ఆ డొక్కు బండి ఎందుకమ్మా, అమ్మేద్దాం. నర్సరీ కూడా ఎవరికైనా ఇచ్చేస్తే సరి. నువ్వు ఇంటి పట్టున ఉండి వాడిని చూసుకో" అన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆయన మంచం మీద నుంచి, "అమ్మకు... అమ్మకు..." అనేవారు. అమ్మను తలచుకుంటున్నాడు పాపం, అనుకున్నాం. ఫోన్ కలిపి మా అత్తయ్యతో మాట్లాడించాం. ఆయన ఫోన్ పక్కకు తోసేశారు. చూడాలని ఉందేమోనని బావగారు అత్తయ్యను తెనాలి నుంచి తీసుకొచ్చారు. ఆవిడ పక్కన కూర్చుని కొడుకు చెయ్యి నిమురుతుంటే, ఆవిడ వైపు ప్రేమగానే చూశారు కానీ, బావగారు బండి మాట ఎత్తగానే మళ్ళీ "అమ్మకు" అని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇక్కడే ఉన్నాను నాన్నా" అని ఆవిడా ఏడ్చింది. మేం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అమ్మకి అంటాం, అమ్మకు అనం. ఆ తేడా నా చెవిన పడింది కూడా. నాలుక తిరగక అలా వస్తోందిలే అని నాకు నేనే సరిచేసుకున్నాను.

బావగారే కొనేవాళ్ళను చూశారు. ఇంజన్ ఏ స్థితిలో ఉందో తెలిస్తే గానీ తీసుకోమని వాళ్ళు అన్నారు. అందుకని ఒక ఉదయం బండిని కాకా దగ్గర పెట్టాం, కంప్రెషన్ చూడమని. మా ఆయన కూడా వస్తానని పట్టుబట్టారు. మాటతో కాదు, చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుని. బావగారు, నేను ఆయనను పట్టుకుని తీసుకొచ్చి, షెడ్డులో కాగితప్పూల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అప్పటికి ఆ తీగ రేకుల దాకా పాకింది. షెడ్డులో బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు టీ తాగుతున్నారు.

కాకా ఇంజన్‌కు డీజిల్ వెళ్ళకుండా ఆపాడు. హీటర్ ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, గుడ్డ మీద వరసగా పేర్చాడు. ఒక రంధ్రంలో మీటరు బిగించి నా వైపు చూశాడు. తాళం తిప్పాను. ఇంజన్ అందుకోకుండా ఊరికే తిరుగుతుంటే, మీటరు ముల్లు ఒక్కొక్క దెబ్బకూ ఒక్కొక్క మెట్టు ఎక్కి పైన నిలబడింది. రెండోదీ అంతే. మూడోదానికి వచ్చేసరికి ముల్లు బద్ధకంగా లేచి సగం దారిలో ఆగిపోయింది. నా చెవికి నాలుగో దెబ్బగా తోచింది దీనిదే. నాలుగోది మళ్ళీ బాగానే ఉంది. కాకా మూడో రంధ్రంలోకి కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, మళ్ళీ మీటరు బిగించి, తిప్పమన్నాడు. ఈసారి ముల్లు పైకి ఎగబాకింది. "రింగులు పోయినయ్. వాల్వులు బాగనే ఉన్నయ్" అన్నాడు కాకా. పిస్టన్ చుట్టూ అరిగిన రింగుల సందును నూనె కాసేపు మూసిందన్నమాట. ఇంజన్ విప్పి రింగులు మారిస్తే మళ్ళీ నడుస్తుంది. ముసలిదే, కానీ పనికిరానిది కాదు.

"అంత తంటా మనకెందుకు? ఉన్నది చెప్పి అమ్మేద్దాం" అన్నారు బావగారు.

"అమ్మకు" అన్నారు మా ఆయన కుర్చీలోంచి.

"అమ్మ ఇంట్లోనే ఉందిరా. ఇప్పుడే వెళ్ళిపోదాం" అని బావగారు ఆయన భుజం తట్టారు. మా ఆయన తల అడ్డంగా ఊపుతూ మళ్ళీ అదే మాట. గొంతు పెరిగింది. "అయ్యో, బెంగ పెట్టుకున్నాడు" అని బావగారు ఆయనను లేపబోయారు. కాకా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. మా ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజన్ ముందు నిలబడ్డప్పటి ముఖంతో, ఆయననే చూశాడు. ఎంతసేపు చూశాడో. మా ఆయన మళ్ళీ ఆ మాట అన్నారు, ఈసారి మెల్లగా. సగం పనిచేసే కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి బండి వైపు కొంచెం జరిగి, పడిపోయింది.

కాకా లేచి నిలబడ్డాడు. "బండి అమ్మకు అంటుండు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"అమ్మను అడుగుతలేడు. బండి అమ్మొద్దు అంటుండు. అనేటప్పుడల్లా కండ్లు బండి దిక్కు పోతున్నయ్, సూడున్రి."

బావగారికి కోపం వచ్చింది. "మా తమ్ముడి మాట మాకు అర్థం కాలేదు, మీకు అర్థమైందా? మీకెలా తెలుసు?"

కాకా ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత షెడ్డులో ఉన్న డ్రైవర్ల వైపు చూశాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. వద్దన్నట్టు తల ఊపాను.

"నాకు చెవులు ఇనవడయి సార్" అన్నాడు, అందరికీ వినిపించేలా. "మస్తు దినాల సంది. మాట ఇనవడదు గనుకనే మనిషిని సూస్త. మీకు మాట ఇనవడ్తది, అందుకే మీరు సూస్తలేరు. గంతే."

మా ఆయన తల కిందికీ పైకీ ఊగుతోంది, ఆగకుండా. నోరు తెరిచి ఏడుస్తున్నారు, మధ్యలో నవ్వుతున్నారు. వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను. "బండి అమ్మొద్దా?" అని అడిగాను. అడిగి, ఆగాను. ఆయన పెదాలు చాలాసేపు కదిలాయి. "నువ్వు..." అన్నారు. మిగతాది నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అనలేదు. "నువ్వు... నడుపు" అన్నారు. ఆ ఎండాకాలం తర్వాత ఆయన నాతో చెప్పిన మొదటి పూర్తి మాట అదే. బావగారు బయటికి వెళ్ళి కానుగ చెట్టు కింద నిలబడ్డారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాకా చేతులు రెండూ గట్టిగా పట్టుకుని వదిలారు.

బండి అమ్మలేదు. కాకా ఇంజన్ విప్పి రింగులు వేశాడు. ఆ పనిలో ఉన్నన్ని రోజులూ మా ఆయన కాగితప్పూల పక్కన కుర్చీలో కూర్చునేవారు. వినలేని మనిషి, మాట్లాడలేని మనిషి. వాళ్ళిద్దరూ గంటలు గంటలు ఏం చెప్పుకునేవారో నాకు తెలియదు. నర్సరీ నుంచి మధ్యాహ్నం వచ్చి చూస్తే, గాలికి రాలిన గులాబీరంగు పూలు ఇద్దరి కాళ్ళ మీదా పడి ఉండేవి. ఒకరు వేలితో ఏదో చూపిస్తే ఇంకొకరు నవ్వుతుండేవారు. రాములమ్మ తెచ్చిన జొన్నరొట్టె ఇద్దరూ పంచుకునేవారు. నాకు ఆ రోజులు గుర్తొస్తే, అవి నిజంగా జరిగాయా, ఎప్పుడో మధ్యాహ్నపు నిద్రలో చూశానా అనిపిస్తుంది.

ఇంజన్ బిగించిన రోజు కాకా నన్నే తాళం తిప్పమన్నాడు. తను బానెట్ అంచు మీద రెండు అరచేతులూ పెట్టి నిలబడ్డాడు. ఇంజన్ రెండుమూడు చుట్లు తిరిగి, ఒక్కసారిగా అందుకుంది. ఆయన అరచేతుల్లోంచి ఆ అదురు భుజాల దాకా పాకడం నేను అద్దంలోంచి చూశాను. "అయ్యిందా?" అని అరిచాడు, తనకు తెలిసినా. నేను బదులు చెప్పేలోగా మా ఆయన కుర్చీలోంచి చెయ్యి ఎత్తి, "అ...యింది" అన్నారు. కాకా ఆయన పెదాలు చూసి ఆ మాట అందుకున్నాడు.

ఆ రోజు చెప్పిన నిజానికి కాకా మూల్యం చెల్లించాడు. డ్రైవర్ల ద్వారా మాట పాకింది. పాత బండ్లు కొన్ని రావడం మానేశాయి. ఎదురుగానే, "ముసలోడికి చెవులు పోయినయట" అనుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వినపడదులే అని. వాళ్ళ పెదాలు ఆయనకు కనబడేవి. నాకు బాధేసి, "ఎందుకు చెప్పావు కాకా" అన్నాను. ఆయన విసుక్కున్నాడు. "ఇగ ఎన్ని దినాలు ఆ స్క్రూడ్రైవర్ చెవుల పెట్టుకోని నాటకం ఆడాలె? జర నిమ్మళమైంది బిడ్డా" అన్నాడు. అయినా ఆయనను వదలని వాళ్ళు కొందరు ఉన్నారు. నర్సరీ పని తెమిలిన రోజుల్లో నేను వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎవరి బండో వచ్చేది, తాళం తిప్పేవాళ్ళు. నేను విని చెప్పేదాన్ని. సంచిలో మేకులు కదిలినట్టు ఉందని, పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నట్టు ఉందని, తలుపు గడియ వదులైనట్టు ఉందని. తప్పులు చెప్పేదాన్ని కూడా. తప్పు చెప్పినప్పుడు తిట్టేవాడు కాదు. విన్నదానికి నా ఊహ కలిపినప్పుడే తిట్టేవాడు. కూతురు బలవంతం మీద ఒకసారి చెవి మిషన్ పెట్టించుకున్నాడు. "అన్ని ఒక్కతీరుగ అరుస్తున్నయ్" అని తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

తర్వాత ఆయన మోకాళ్ళు పోయాయి. షెడ్డు ఉన్న జాగాలో దాని సొంతదారులు ఏదో కట్టుకున్నారు. కాకా, రాములమ్మ చెంగిచెర్లలో కూతురింటికి వెళ్ళిపోయారు. మా పికప్ ఇంకొన్నేళ్ళు నడిచి, ఒకరోజు మర్యాదగా ఆగిపోయింది. దాని వయసుకు అంతకన్నా అడగడం అన్యాయం.

కాకాను చివరిసారి చూసింది ఒక వానాకాలం మధ్యాహ్నం. మేమిద్దరం వెళ్ళేసరికి వసారాలో, రేకుల కింద, పడక కుర్చీలో ఉన్నాడు. బాగా సన్నబడ్డాడు. చప్పుడంటూ ఏదీ మిగల్లేదు ఆయనకు. మమ్మల్ని చూసి ముఖం విప్పారింది. పక్కనే కుర్చీ చూపించి మా ఆయనను కూర్చోబెట్టుకున్నాడు. కాసేపటికి వాన మొదలైంది. వీధి మసకబారింది. కట్టడం మధ్యలో ఆగిన ఎదురింటి గోడలు, విద్యుత్ తీగలు, దూరంగా కొత్త కాలనీ ఇళ్ళు ఒక్కొక్కటే తెల్లటి తెర వెనక్కి వెళ్ళిపోయాయి. కాకా ఆ తెరను చూస్తూ, ప్రత్యేకంగా ఎవరితోనూ కానట్టు, "సప్పుడు చెప్పున్రి" అన్నాడు.

నేను చెప్పడానికి ముందుకు వంగాను. మా ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపారు. కుర్చీని మెల్లగా కాకాకు ఎదురుగా తిప్పుకున్నారు.

"మొదట... మెల్లగా" అన్నారు. చాలాసేపు ఆగారు. "ఎవరో... బియ్యం... చెరిగినట్టు." కాకా ఆయన పెదాల మీద నుంచి కళ్ళు తీయలేదు. "ఇప్పుడు... గట్టిగా. రేకులు... అన్నీ. నీ షెడ్డు... లాగే." మళ్ళీ ఆగారు. వాన కురుస్తూనే ఉంది. కాకా ఎదురుచూస్తున్నాడు. ఆయనకు తొందర లేదు. ఇంకొక మాట రావాల్సి ఉందని ఆయనకు తెలిసినట్టే ఉంది. "మధ్యలో... ఎక్కడో... ఒక కప్ప" అన్నారు మా ఆయన. కాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "కప్పనా! మస్తు దినాలాయె కప్ప సప్పుడు ఇని" అన్నాడు, ఇప్పుడే విన్నట్టు.

ఆ వానలు వెళ్ళకముందే నిద్రలోనే పోయాడని రాములమ్మ ఫోన్ చేసింది.

మా ఆయనకు ఇప్పుడు మాట చాలావరకు వచ్చింది. నర్సరీకి వచ్చేవాళ్ళతో తనే మాట్లాడతారు. కొన్ని మాటలకు ఇంకా దారి వెతుక్కోవాలి. వెతుక్కోనిస్తాను. కాకా దగ్గర నేను నేర్చుకున్నది బండ్ల పని కాదు, ఇంజన్ విప్పమంటే నా వల్ల కాదు. ఎదుటి మనిషి చెప్పడం అయిపోయిందనిపించాక కూడా కాసేపు ఆగడం నేర్చుకున్నాను. అసలైన మాట చాలాసార్లు అప్పుడే వస్తుంది. ఎవరైనా ఏదైనా చెప్తుంటే మధ్యలో అందుకోను. చెప్పడం ఆగినా వెంటనే పలకను. అలవాటు లేనివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఫోనులో అయితే మరీను. మొన్న మా బావగారు ఫోన్ చేసి ఒంట్లో బాగుండటం లేదని చెప్పి, "ఏం లేదులే" అని ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

"అమ్మా, లైన్లో ఉన్నావా?" అన్నారు కాసేపటికి.

"ఉన్నాను బావగారూ" అన్నాను. "చెప్పండి."